తెరిస్తే మళ్లీ మూతపడని బ్యాగు: ఎకో డిజైన్‌లో ఒక కేసు

ఆ బ్యాగును నా ముందు బల్ల మీద పెట్టినప్పుడు దానికున్న జబ్బు ఒక్కటే. లోపలి జేబు జిప్ పట్టడం లేదు. తోలు నిగనిగలాడుతోంది. కుట్టు ఒక్కటి కూడా సడలలేదు. పిడి గట్టిగా ఉంది. పన్నెండేళ్లు వాడిన బ్యాగు అది, ఇంకో పన్నెండేళ్లు హాయిగా వాడుకోవచ్చు. కానీ సంస్థ రికార్డులో దాని పక్కన "రిపేరుకు వీలుకాదు" అని రాసి ఉంది. ఎందుకు వీలుకాదు అన్న ప్రశ్న దగ్గరకు రావడానికే మాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో ఏం చేశామో, ఎక్కడ పొరపడ్డామో రాసిపెడితే ఎకో డిజైన్, అంటే పర్యావరణం మీద భారం తగ్గేలా వస్తువులను రూపొందించే పనిలో ఉన్నవాళ్లకు కొంత కాలం మిగులుతుందని ఈ కేసు రాస్తున్నాను.

సంస్థ పేరు, దేశం, మోడల్ ఇవ్వడం లేదు. గుర్తుపట్టే వీలున్న అంకెలు తీసేశాను, కొన్ని వివరాలు మార్చాను. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామన్నది మాత్రం దాచలేదు.

నేపథ్యం

తోలు బ్యాగులు, బెల్టులు, పర్సులు చేసే మధ్యస్థాయి లగ్జరీ సంస్థ. సొంత వర్క్‌షాప్ ఉంది. డిజైన్ స్టూడియో పై అంతస్తులో, కటింగ్, కుట్టు కింద. రిపేర్ విభాగం మాత్రం వేరే భవనంలో. మొదటిరోజు వర్క్‌షాప్ అంతా తిప్పి చూపించినప్పుడు ఆ భవనానికి తీసుకెళ్లలేదు, నేనూ అడగలేదు.

వాళ్లకు పేరు తెచ్చింది ఒకే ఒక్క హ్యాండ్‌బ్యాగు మోడల్. విడదీస్తే అరవై దాకా ముక్కలు: పై తోలు, లైనింగ్, బిగువు కోసం లోపల పెట్టే అట్ట, జిప్పులు, అయస్కాంతం గుండీ, రింగులు, రివెట్లు, దారం, జిగురు, అంచు రంగు.

ఎకో డిజైన్ సలహాదారులుగా మమ్మల్ని పిలవడానికి వెనక బయటి ఒత్తిడి ఉంది. అమ్ముడుపోని సరుకును తగలబెట్టడం లగ్జరీ రంగంలో చాలాకాలంగా ఉన్న అలవాటే. 2018లో బ్రిటన్ లగ్జరీ కంపెనీ బర్బరీ వార్షిక నివేదికలో ఒక్క ఏడాదిలో 2.86 కోట్ల పౌండ్ల విలువైన సరుకును నాశనం చేసినట్టు కనిపించడంతో అది జనం నోళ్లలో పడింది. ఆ ఏడాదే ఆ కంపెనీ ఆ పద్ధతి మానేస్తున్నట్టు ప్రకటించింది. 2020లో ఫ్రాన్స్ ఇలా నాశనం చేయడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. 2024 జులై 18న యూరోపియన్ యూనియన్ ఎకో డిజైన్ నియంత్రణ అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పెద్ద కంపెనీలు అమ్ముడుపోని దుస్తులు, చెప్పులు, దుస్తుల అనుబంధ వస్తువులు నాశనం చేయడం 2026 జులై 19 నుంచి నిషేధం, మధ్యతరహా కంపెనీలకు 2030 నుంచి. మా క్లయింట్ దీన్ని చదివి హ్యాండ్‌బ్యాగులన్నీ అందులో ఉన్నాయనుకుని టెన్షన్ పడ్డారు. నిజానికి ఆ నిషేధం జాబితాలో తోలు బెల్టులు, గ్లౌజులు ఉన్నాయి, హ్యాండ్‌బ్యాగులు లేవు. ఆ మాట చెప్పినా వాళ్లు వెనక్కి తగ్గలేదు. ఇవాళ లేకపోతే రేపు వస్తుంది, ఇప్పుడే మొదలుపెడదామన్నారు. ఆ సంస్థ మీద నాకు గౌరవం కలిగింది ఆ మాటతోనే.

అడిగింది ఒకటి, కావలసింది ఇంకొకటి

వాళ్లు అడిగినది: "తోలుకు బదులు పర్యావరణానికి మేలైన మెటీరియల్ ఒకటి సూచించండి. వచ్చే కలెక్షన్‌లో పెడతాం."

ఆ ప్రశ్నను నేను అలాగే ఒప్పుకున్నాను. అప్పుడు నాకున్న లెక్క ఇదీ: జీవితచక్ర మదింపు, అంటే ఒక వస్తువు పుట్టుక నుంచి పారేసేదాకా పర్యావరణం మీద మోపే భారాన్ని లెక్కకట్టే పద్ధతి, అందరూ ఎల్‌సీఏ అనేది, చేసి చూస్తే ఆ బ్యాగు భారంలో పెద్ద వాటా తోలుదే. పశువుల పెంపకం, చర్మాన్ని తోలుగా శుద్ధి చేసే టానరీలో నీళ్లు, రసాయనాలు అన్నీ అందులోకే వస్తాయి. పెద్ద వాటా ఎక్కడుంటే అక్కడ చెయ్యి వెయ్యాలి కదా. కాగితం మీద ఆ తర్కంలో తప్పు కనిపించదు.

తప్పు దానికి ఒక మెట్టు ముందే జరిగింది. ఐఎస్ఓ 14040, 14044 ప్రమాణాల ప్రకారం ఎల్‌సీఏ చేసేటప్పుడు ముందు ఫంక్షనల్ యూనిట్ తేల్చుకోవాలి, అంటే దేనికి లెక్క కడుతున్నాం అన్నది. మేము "ఒక బ్యాగు" అని రాసుకున్నాం. అలా రాసుకున్న క్షణంలోనే మూడేళ్లకు మూలపడే బ్యాగు, ఇరవయ్యేళ్లు చేతిలో ఉండే బ్యాగు మా లెక్కలో ఒకటైపోయాయి. "ఒక బ్యాగు ఒక ఏడాది వాడకం" అని రాసుకుని ఉంటే మొదటి వారంలోనే ఆయుష్షు గురించి అడిగేవాళ్లం, రిపేర్ భవనానికి వెళ్లేవాళ్లం. ఫంక్షనల్ యూనిట్‌ను నివేదిక మొదటి పేజీలో నింపాల్సిన ఖాళీలా చూడడం అప్పటి నా అలవాటు.

మొదటి ప్రయత్నం: మెటీరియల్ మార్చడం

మొక్కల పీచుతో చేసిన, తోలులా కనిపించే ఒక షీట్ తీసుకున్నాం. ఇలాంటి వాటిలో చాలావాటికి పైన పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పూత ఉంటుంది, నీళ్లు పీల్చకుండా, గీతలు పడకుండా. దీనికీ ఉంది. ముందు మడత పరీక్ష చేశాం. బల్లీ ఫ్లెక్సోమీటర్ అనే యంత్రంలో ముక్కను బిగిస్తే అది వేలసార్లు మడతపెట్టి తెరుస్తుంది, ఐఎస్ఓ 5402-1లో చెప్పిన పద్ధతి. షీట్ నెగ్గింది. అందరం సంతోషపడ్డాం.

తర్వాత 70 డిగ్రీల వేడి, 95 శాతం తేమ ఉన్న పెట్టెలో ముక్కల్ని వారాల తరబడి ఉంచాం, ఐఎస్ఓ 1419లోని ట్రాపికల్ టెస్ట్ ప్రకారం. బయటికి తీసి మళ్లీ మడతపెడితే పూత పెచ్చులుగా లేచింది. గోటితో గీకితే పొడిలా రాలింది. పాలిస్టర్ రకం పాలియురెథేన్‌లో ఎస్టర్ బంధాలను తేమ మెల్లగా తెంచేస్తుంది, దాన్నే హైడ్రాలసిస్ అంటారు. కింద ఉన్న పీచు మొక్కదైనా, పండు తొక్కదైనా పై పూత అదే అయితే జరిగేది అదే. బ్యాగును బీరువాలో వాడకుండా ఉంచినా జరుగుతుంది. దీనికి రిపేరు కూడా లేదు, పూత రాలిన ప్యానెల్ మొత్తం మార్చాల్సిందే.

హైడ్రాలసిస్‌ను బాగా తట్టుకునే పాలికార్బొనేట్ రకం పూత ఉంది కదా అని మా బృందంలో వాదన నడిచింది. నిజమే. కానీ ఏ రకం పూత అయినా పీచును, ప్లాస్టిక్‌ను విడదీయలేనంతగా కలిపేస్తుంది, ఇక ఆ షీట్‌ను ఏ వైపునా రీసైకిల్ చేయలేం. పైగా సరఫరా భయం. శిలీంధ్రాల వేళ్లలాంటి మైసీలియంతో చేసే మైలో అనే మెటీరియల్‌కు పెద్ద పెద్ద బ్రాండ్లు అండగా నిలిచినా 2023లో దాని తయారీని నిలిపేశారు. ఇరవయ్యేళ్లు విడిభాగాలు ఇస్తామని మాటిచ్చే సంస్థ, ఐదేళ్ల తర్వాత దొరుకుతుందో లేదో తెలియని దాని మీద తన ముఖ్య మోడల్‌ను నిలబెట్టలేదు. అక్కడితో వదిలేశాం.

మధ్యలో క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలు, మానేసి మొత్తం చెట్ల బెరళ్లు, కాయల టానిన్లతో శుద్ధి చేసిన తోలుకు మారదామన్న ప్రతిపాదన వచ్చింది. క్రోమ్ అనగానే భయపడేవాళ్లకు చెప్పాల్సింది ఒకటుంది. టానింగ్‌లో, అంటే ఆ శుద్ధిలో, వాడేది మూడో స్థాయి క్రోమియం. ప్రమాదకరమైనది ఆరో స్థాయిది, అది సరైన జాగ్రత్త లేనప్పుడు తోలులో పుట్టుకొస్తుంది. చర్మానికి తగిలే తోలు వస్తువుల్లో దాన్ని కిలోకు 3 మిల్లీగ్రాములకు మించనివ్వకూడదని ఐరోపాలో 2015 మే 1 నుంచి నిబంధన. టానిన్ తోలు అందంగా ముదురుతుంది, కానీ నీటి చుక్క పడితే మరక, ఎండ తగిలితే రంగు మార్పు. లేతరంగు బ్యాగుకు అది కుదరలేదు. పిడికి, పట్టీలకు మాత్రం టానిన్ తోలు తీసుకున్నాం. చేతి రాపిడితో అది మెరుగెక్కుతుంది, గట్టితనం కూడా అక్కడ కావాలి. ఈ చిన్న నిర్ణయం తర్వాత ఇంకో చోట మమ్మల్ని ఇబ్బందిపెట్టింది.

రెండో ప్రయత్నం: తరుగు తోలుతో కొత్త వస్తువులు

తోలు బట్ట లాంటిది కాదు. ఒక్కో చర్మానికి ఒక్కో ఆకారం. నడుం నుంచి వెనక భాగం బిగువుగా ఉంటుంది, పొట్ట భాగం సాగుతుంది, మెడ దగ్గర ముడతలు, మధ్యలో ముళ్లు గీరిన మచ్చలు, పురుగు కాట్లు. లగ్జరీలో ఇవన్నీ తప్పించి కోస్తారు కాబట్టి కింద పడే తరుగు చాలా ఎక్కువ. ఆ తరుగుతో కార్డు పర్సులు, తాళాల గుత్తులు చేద్దామనుకున్నాం. ఖర్చు తక్కువ, కథ బావుంటుంది, అమ్మకాల విభాగానికి నచ్చింది.

మొదటి విడత రోజుల్లో అమ్ముడుపోయింది. రెండో విడతకు షాపుల నుంచి ఆర్డర్లు వచ్చాయి: ఫలానా మూడు రంగుల్లో, ఇన్నేసి కావాలి. తరుగు అలా రాదు. ఈ వారం నలుపు, వచ్చే వారం ముదురు ఆకుపచ్చ, మందం కూడా ఒకేలా ఉండదు. ఒకరోజు కటింగ్ హాల్లో నిలబడి చూస్తున్నాను. కటింగ్ చేసే ఆయన మచ్చ లేని నిండు చర్మాన్ని పరిచి, దాని మధ్యలో కార్డు పర్సు మూస పెట్టి కోస్తున్నారు. అడిగితే, "రంగు సరిపోయే తరుగు లేదండీ, ఆర్డర్ ఉంది" అన్నారు. తరుగు వస్తువుల కోసం కొత్త తోలు కోస్తున్నాం. ఆ వారమే ఆ లైన్ ఆపించాను.

ఇది అసలు కుదరని పని అని నేను అనను. ఫ్రెంచ్ లగ్జరీ సంస్థ ఎర్మెస్ 2010 నుంచి నడుపుతున్న పెతీ ఆష్ అనే విభాగంలో ఇదే పని జరుగుతోంది. కానీ అక్కడ వరస తలకిందులు: ముందు మిగిలిన ముక్క, దాన్ని చూశాక ఏం చేయాలన్న ఆలోచన. క్యాటలాగ్ ముందే అచ్చువేసుకుని ముక్క కోసం వెతకరు. మేము క్యాటలాగ్‌తో మొదలుపెట్టాం. ముందే ఇన్ని కావాలని మాటిచ్చేసిన చోట తరుగు నిలబడదు.

మూడో ప్రయత్నం: పాత బ్యాగులు వెనక్కి

పాత బ్యాగు తెస్తే కొత్తదాని ధరలో తగ్గింపు ఇచ్చి, పాతదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మడం. సర్క్యులర్ ఎకానమీ, అంటే వస్తువులను పారేయకుండా మళ్లీ మళ్లీ వాడుకలోకి తెచ్చే పద్ధతి, గురించి ఎవరు మాట్లాడినా ముందుగా వచ్చే ఉదాహరణ ఇది. వినియోగదారులు స్పందించారు, బ్యాగులు వచ్చాయి, గోదాం నిండింది, బయటికి మాత్రం వెళ్లడం లేదు. వచ్చినవాటిలో బాగుచేసి అమ్మగలిగినవి చాలా కొద్ది. మిగతావి అరల్లో ఉండిపోయాయి, వాటితో పాటు మేము ప్రోత్సహించి అమ్మించిన కొత్త బ్యాగులు బయట తిరుగుతున్నాయి. ఈ పథకం వల్ల మొత్తం భారం తగ్గిందా, పెరిగిందా అని లెక్కవేస్తే పెరిగినట్టే తేలింది. ఆ లెక్క యాజమాన్యానికి చూపించిన సమావేశం నాకు ఇప్పటికీ గుర్తు. ఎవరూ మాట్లాడలేదు కాసేపు.

అప్పుడు వెళ్లాను రిపేర్ భవనానికి.

రిపేర్ బెంచి దగ్గర

అక్కడ ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్న ఒక పెద్దావిడ ఉన్నారు. మొదట్లో చెప్పిన జిప్ పాడైన బ్యాగు ఆవిడ బల్ల మీదే చూశాను. జిప్ ఒక్కటి మార్చడానికి ఏమైందని అడిగాను. ఆవిడ జవాబు చెప్పలేదు, బ్యాగును నా వైపు తిప్పి పని మొదలుపెట్టారు.

జిప్‌ను చేరాలంటే లైనింగ్ తీయాలి. లైనింగ్ పై అంచున, బ్యాగు నోటి చుట్టూ ఉండే ముఖపట్టీ కింద కుట్టి ఉంది, ఆ కుట్టే బ్యాగు నోటి కుట్టు కూడా. అది విప్పితే నోరంతా విప్పినట్టే. సరే, విప్పారు. ఇప్పుడు లైనింగ్ రావాలి, రాలేదు. వెనకంతా జిగురు. సన్నటి కత్తి దూర్చి, జిగురు కరిగించే సాల్వెంట్ కొంచెం తగిలించి లాగితే తోలు వెనకవైపు పీచు లైనింగ్‌తో పాటు లేచి వచ్చింది. బ్యాగు గోడ అక్కడ పలచబడి, ముందు నుంచి చూస్తే చిన్న సొట్టలా కనిపించింది. పాత కుట్టు రంధ్రాల్లో ఆరెతో మళ్లీ గుచ్చితే అవి పెద్దవవుతున్నాయి.

"తెరిస్తే మళ్లీ మూతపడదండీ ఇది" అన్నారు ఆవిడ. "మూసినా కొన్నవాళ్లు ఒప్పుకోరు. అందుకే వీలుకాదని రాస్తాం. జిప్పుకేం, ఎంతసేపు? పది నిమిషాలు."

డిజైన్ వాళ్లకు ఈ సంగతి ఎప్పుడైనా చెప్పారా అంటే, "అడిగితే కదండీ చెప్పేది" అన్నారు. ఆ మాట నాకూ తగిలింది.

ఆ రోజు నుంచి మూడు నెలలు ఆ బల్ల పక్కన కూర్చున్నాం. ఒక నోటుపుస్తకం, అందులో రెండు నిలువు వరసలు. మొదటి వరసలో, ముందుగా పాడైన భాగం. రెండో వరసలో, దాన్ని చేరడానికి పాడుచేయాల్సి వచ్చిన భాగం. ఎక్సెల్‌లో పెట్టవచ్చు, కానీ ఆవిడకు పుస్తకమే చేతికి అలవాటు, రాసేది ఆవిడే కాబట్టి పుస్తకమే.

మొదటి వరసలో మళ్లీ మళ్లీ వచ్చినవి ఐదు: జిప్ రన్నర్, పిడి అంచున పగిలిన రంగు, రింగు రాపిడికి అరిగిన పట్టీ, అయస్కాంతం గుండీ, లైనింగ్ మూలలు. తోలు ప్యానెల్ పాడైందన్న నమోదు అరుదు. ఏడాది క్రితం నేను మార్చాలని కూర్చున్నది ఆ తోలునే. రెండో వరస ఇంకా స్పష్టం: లైనింగ్, లైనింగ్, ముఖపట్టీ, లైనింగ్. చవకైన చిన్న భాగం పాడవుతోంది, దాని కోసం ఖరీదైన పెద్ద భాగం బలవుతోంది. ఎల్‌సీఏను ఏడాది వాడకం ప్రాతిపదికన మళ్లీ చేస్తే అన్నిటికంటే ఎక్కువ మేలు చేసే మార్పుగా మెటీరియల్ కాదు, ఆయుష్షు తేలింది. ఆ తోలు భారం పెద్దదే. పెద్దది కాబట్టే దాన్ని జిప్ కోసం పారేయకూడదు.

ఏం పనిచేసింది

మొదట జిగురు సంగతి చూశాం, చిక్కంతా అక్కడే కాబట్టి. వర్క్‌షాప్‌లో జిగురు పూసే ప్రతి చోటూ రాసుకుని ఒక్కోదాని ముందు ఒకే ప్రశ్న అడిగాం: కుట్టు పూర్తయ్యాక ఈ జిగురు ఇంకేమైనా పని చేస్తోందా? చాలాచోట్ల జవాబు లేదనే. కుట్టేటప్పుడు ముక్కలు జరగకుండా పట్టుకోవడానికి పూసినది, బరువు మోసేది కుట్టే. అలాంటి చోట్ల అంచున సన్నటి గీతలా మాత్రమే, అదీ నీటి ఆధారిత జిగురు. దానికి ఆరే సమయం ఎక్కువ, కాబట్టి పనుల వరస మార్చాల్సి వచ్చింది. కుట్టేవాళ్లు మొదటి రెండు వారాలు చిరాకుపడ్డారు, న్యాయమే. మైనం ఎక్కువున్న తోలుకు మాత్రం నీటి జిగురు పట్టలేదు, రెండు చోట్ల సాల్వెంట్ జిగురే ఉండిపోయింది.

లైనింగ్‌ను గోడకు అంటించడం మానేసి విడి సంచిలా కుట్టి, పై అంచున మాత్రమే కలిపాం, బ్యాగు నోటి కుట్టుతో సంబంధం లేని సొంత కుట్టుతో. నాణ్యత విభాగం అధిపతి దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. చెయ్యి లోపల పెట్టి తీస్తే లైనింగ్ వెంట వస్తోంది, చవక బ్యాగులా ఉందన్నారు. ఆయన మాట నిజం. లగ్జరీ వస్తువులో చేతికి తగిలే తీరు కూడా ఆయుష్షులో భాగమే, నచ్చని వస్తువును ఎవరూ ఇరవయ్యేళ్లు ఉంచుకోరు. లైనింగ్‌ను కొన్ని మిల్లీమీటర్లు చిన్నగా కోసి, అడుగు మూలల్లో రెండు చిన్న టాకాలు వేశాక బిగువు వచ్చింది. ఆయనే కళ్లు మూసుకుని పాతదీ కొత్తదీ తడిమి చూసి, తేడా తెలియడం లేదని సంతకం పెట్టారు.

కుట్టు రకాల మీద మాకొక కొత్త అవగాహన వచ్చింది. రెండు సూదులతో, ఒకే దారంతో చేత్తో వేసే జీను కుట్టు లగ్జరీకి గర్వకారణం. ఒకచోట తెగినా పక్క కుట్లు ఊడవు. మిషన్ కుట్టు అలా కాదు, ఒకచోట తెగితే సులువుగా విప్పేయవచ్చు. ఇప్పటిదాకా దీన్ని లోపంగానే చూశారు. కానీ తెరవాల్సిన చోట కావాల్సింది అదే. పిడి, పట్టీలు, అడుగు అంచు జీను కుట్టు. లైనింగ్ అంచు, జిప్ పట్టీ మిషన్ కుట్టు. జిప్‌ను నేరుగా లైనింగ్‌కు కాక ఒక సన్నటి తోలు పట్టీకి కుట్టి, ఆ పట్టీని లైనింగ్‌కు కుట్టాం. పాడైతే పట్టీతో సహా తీసి, పట్టీతో సహా కొత్తది పెడతారు. పాత రంధ్రాల్లో మళ్లీ మళ్లీ గుచ్చే అవసరం లేదు.

లోహపు భాగాల దగ్గర మళ్లీ పొరపడ్డాం. రింగులు జింక్ మిశ్రమంతో పోత పోసి పైన పూత వేసినవి. పూత అరిగాక మళ్లీ పాలిష్ పట్టి పూత వేద్దామంటే జింక్‌లో సన్నటి గుంటలు తేలి, కొత్త పూత బుడగలు కడుతుంది. ఇత్తడికి ఆ బాధ లేదు, ఎన్నిసార్లైనా పాలిష్ పట్టి పూత వేయవచ్చు. ఇత్తడికి మారాం. రివెట్ల బదులు మరలు పెట్టాం, పిడి ఊడదీయడానికి వీలుగా. ఖర్చు తగ్గుతుందని మర మాత్రం పైకి కనిపించని చోట ఉక్కుది పెట్టాం. తేమ పెట్టెలోంచి బయటికి వచ్చిన నమూనా పట్టీ మీద, మర చుట్టూ నీలిరంగు కలిసిన నల్లటి మచ్చ. ఇనుము, టానిన్ కలిస్తే నలుపే. పాతకాలపు సిరా తయారైంది కూడా ఆ రెండింటితోనే. పట్టీలకు టానిన్ తోలు ఎంచుకున్నది మేమే, మర ఎంచుకున్నదీ మేమే, రెండు నిర్ణయాలను పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. మరలూ ఇత్తడివే అయ్యాయి. తర్వాత కుదుపు పరీక్షలో అవి వదులైతే మర జిగురు వాడాం, సాధారణ స్క్రూడ్రైవర్‌కు లొంగే మధ్యరకం.

తోలు కటింగ్‌లో ఒక మార్పు చెప్పాలి. మానిపోయిన గీత ఒక్కటి కనిపించినా ఆ భాగం పక్కన పడేసే అలవాటు అక్కడ. బ్యాగులో ఏ ముక్క బయటికి కనిపిస్తుంది, ఏది అట్ట వెనక, మూత కింద దాగుతుంది అని మూసల మీదే రంగులతో గుర్తు పెట్టాం. దాగే ముక్కలకు మానిన మచ్చలున్న భాగం వాడవచ్చు, బలం తగ్గని చోట మాత్రమే. పొట్ట భాగం ఎక్కడా ఒప్పుకోలేదు, అది సాగుతుంది కాబట్టి. తరుగుతో ఏం చేయాలని అంతకుముందు బుర్ర బద్దలుకొట్టుకున్నాం, అసలు తరుగే తగ్గింది.

ఇంకా తేలనివి

పాత బ్యాగులు పాత పద్ధతిలోనే ఉన్నాయి, వాటికి ఈ మార్పులు వర్తించవు. గోదాంలో ఉన్నవాటిని విడిభాగాల కోసం విప్పుతున్నారు. క్రోమ్ తోలు తరుగును కాల్చడం మంచిది కాదు, మూడో స్థాయి క్రోమియం ఆరో స్థాయికి మారే ప్రమాదం ఉంది. పొడిచేసి అట్టగా మార్చేవాళ్లకు కొంత ఇస్తున్నాం, అది ఒక మెట్టు కిందికి దిగిన వాడకమే.

షాపుల్లో పనిచేసేవాళ్ల ప్రోత్సాహకం కొత్త బ్యాగు అమ్మకానికే ముడిపడి ఉండేది. జిప్ పాడైందని వచ్చిన మనిషికి కొత్త మోడల్ చూపిస్తే వాళ్లకు డబ్బు, రిపేర్‌కు పంపితే ఏమీ లేదు. ఇది డిజైన్ సమస్య కాదని నేను మొదట పక్కనపెట్టాను. పక్కనపెట్టకూడదు. రిపేర్‌కు తీసుకున్న బ్యాగుకూ ప్రోత్సాహకం ఇవ్వడానికి యాజమాన్యం ఒప్పుకుంది, మొత్తం ఎంతన్నది ఇంకా నలుగుతోంది.

డిజిటల్ ప్రోడక్ట్ పాస్‌పోర్ట్, అంటే వస్తువుతో పాటు ఉండే దాని వివరాల డిజిటల్ రికార్డు, కోసం సంస్థ సిద్ధమవుతున్నప్పుడు, అందులో తోలు ఎక్కడిది, ఎవరు చేశారు వంటివి పెట్టడానికే అందరూ ఆసక్తి చూపారు. మేము అడిగి చేర్పించింది ఒక్కటి: ఏ కుట్టు ముందు విప్పాలి. ఇరవయ్యేళ్ల తర్వాత ఆ బ్యాగును తెరిచేది మన రిపేర్ బెంచి కాకపోవచ్చు.

నాకు మిగిలింది

ఇప్పుడు ఏ సంస్థకు వెళ్లినా మొదటి రోజే రిపేర్ చేసేవాళ్ల దగ్గరకు తీసుకెళ్లమంటాను. వాళ్లు లేకపోతే ఎందుకు లేరో అడుగుతాను. లగ్జరీ వస్తువుకు ఎక్కువకాలం మన్నుతుందన్న పేరు ముందే ఉంటుంది, ఆ పేరు చూసి మన్నిక సంగతి చూడక్కర్లేదని మోసపోవడం సులువు. ఇక్కడ తోలు మన్నింది. తోలును పట్టుకున్న విధానం మన్నలేదు.

ఎల్‌సీఏ తప్పుడు సాధనమని ఎవరైనా ఈ కేసు నుంచి అర్థం చేసుకుంటే నేను సరిగ్గా రాయనట్టే. మేము అడిగిన ప్రశ్నకు అది సరైన జవాబే ఇచ్చింది. ప్రశ్న మార్చాక జవాబు మారింది. మెటీరియల్ ప్రయోగాలూ వద్దని కాదు, తొందరగా అరిగిపోయే, తరచూ మార్చే భాగాల్లో అవి ముందు చేయాలి. లైనింగ్‌కు రీసైకిల్ చేసిన నైలాన్ వాడటం అలాగే మొదలైంది, ఇప్పుడు దాన్ని సులువుగా తీసి వేరుచేయవచ్చు కాబట్టి అర్థం ఉంది.

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చినది ఒక చిన్న నియమం. కొత్త మోడల్‌కు ఆమోదం రావాలంటే నమూనా బ్యాగును రిపేర్ బెంచి మీద పెట్టాలి. డిజైనర్ పక్కన కూర్చోవాలి. పెద్దావిడ దాన్ని తెరిచి, జిప్ మార్చి, మూసేయాలి. మూశాక నాణ్యత విభాగం దాన్ని కొత్త బ్యాగుల మధ్య పెట్టి గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తుంది. గుర్తుపట్టగలిగితే మోడల్ వెనక్కి వెళ్తుంది. మొదటి నాలుగు నమూనాల్లో మూడు వెనక్కి వెళ్లాయి. రిపేర్ విభాగాన్ని ఈమధ్యే స్టూడియో ఉన్న భవనంలోకి మార్చారు.

నోటుపుస్తకం ఇంకా నడుస్తోంది. కొత్త పద్ధతిలో చేసిన బ్యాగులు రిపేర్‌కు రావడం ఇప్పుడిప్పుడే మొదలైంది. మొన్న చూసినప్పుడు వాటి పక్కన రెండో వరసలో చాలాచోట్ల ఆవిడ అడ్డగీత గీశారు, అంటే ఏమీ పాడుచేయలేదని. ఒక్కటి మాత్రం పదే పదే వస్తోంది: పక్క గోడల అంచు రంగు. లైనింగ్ కుట్టు విప్పినప్పుడల్లా ఆ రంగు గీరుకుపోతోంది, మళ్లీ గరుకు కాగితంతో రుద్ది రెండు పూతలు వేయాల్సి వస్తోంది. కుట్టును అంచు నుంచి కాస్త లోపలికి జరపాలా, లేక ఆ అంచును మడిచి కుట్టాలా అని ఇప్పుడు నమూనాలు చేస్తున్నాం. మడిస్తే మందం పెరుగుతుంది, మూలల దగ్గర తోలును చాలా పలచగా చెక్కాలి. ఆవిడ జరపమంటున్నారు, స్టూడియో మడుద్దామంటోంది. రెండూ తేమ పెట్టెలో ఉన్నాయి.